రోజూ చెప్పిన కద మేడం

ముప్పై నాలుగేళ్లు బడిలో పాఠాలు చెప్పాను. అందులో చివరి తొమ్మిదేళ్లు కాశిబుగ్గ దగ్గర ఒక ప్రైమరీ స్కూల్లో హెడ్‌మాస్టర్‌ని. ఆడవాళ్లమైనా మమ్మల్ని హెడ్‌మాస్టర్ అనే అంటారు. ఇన్నేళ్లలో నేను చేసిన తప్పులు చాలానే ఉన్నాయి. ఒక ఏడాదంతా ‘ఫిబ్రవరి’ స్పెల్లింగు బోర్డు మీద తప్పు రాసి, అరవై మంది పిల్లలతో ఆ తప్పునే బట్టీ పట్టించాను. దిద్దిన పరీక్ష పేపర్ల కట్ట నర్సంపేట బస్సులో మరిచిపోయి డిపో దాకా ఉరికాను. కవల పిల్లల్లో ఒకడు చేసిన అల్లరికి రెండోవాడి చెవి మెలిపెట్టాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు మా ఇంటికొస్తే ఛాయ్ తాగుతూ ఇవే చెప్తుంటాను. అందరం నవ్వుకుంటాం.

వాళ్లకు ఎప్పుడూ చెప్పనిది ఒకటుంది. కొత్త టీచర్లైన మీలో చాలామంది ఇప్పుడు బడుల్లో ఏఐతో ఇంగ్లీషు నేర్పిస్తున్నారని వింటున్నాను. ఇంకా దాచుకుంటే మంచిది కాదనిపించి రాస్తున్నాను.

నేను రిటైరయ్యే ఏడాది మా బడికి పది కంప్యూటర్లు, పది హెడ్‌ఫోన్లు వచ్చాయి. నాలుగు, ఐదు తరగతుల పిల్లలు హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటే అందులోంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో పలకరిస్తుంది. ఇవాళ ఏం తిన్నావు, మీ ఇంట్లో ఎవరెవరున్నారు, నీకు ఏ రంగు ఇష్టం అని అడుగుతుంది. పిల్లలు చెప్పింది విని, తప్పుంటే దిద్ది, మళ్లీ అనిపిస్తుంది. బాగా చెప్తే తెర మీద ఆకుపచ్చ నక్షత్రం వెలుగుతుంది. పిల్లలు దానికి హెడ్‌ఫోన్ టీచర్ అని పేరు పెట్టారు. ప్రతి శనివారం నాకు ఒక పట్టిక వచ్చేది. ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారు, ఎన్ని కొత్త మాటలు నేర్చారు అని గడులు గడులుగా ఉండేది. దాన్ని ప్రింట్ తీసి, సంతకం పెట్టి, ఫైల్లో పెట్టడం నా పని.

అంతకుముందు ఆ రెండు తరగతులకు ఇంగ్లీషు చెప్పింది నాకన్నా నెలరోజులు పెద్దావిడ ఒకామె. నేను అక్కా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. హన్మకొండలో ఉండేది. ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాటలు నేర్పే అలవాటు వల్లనో ఏమో, బడిలో కూడా బెంచీలన్నీ గోడకు నెట్టించి పిల్లలను గుండ్రంగా నేల మీద కూర్చోబెట్టేది. పొద్దున మొదటి పీరియడ్ సగం ముచ్చటకే పోయేది. ఒక్కొక్కరూ లేచి తమ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. వచ్చినంత ఇంగ్లీషు, రానిచోట తెలుగు. మా మేక ఈనిందని ఒకడు, మా అన్న బండి మీదికెళ్లి పడ్డడని ఒకతి. అక్క ఆ ముచ్చటను అక్కడికక్కడే ఇంగ్లీషులోకి మార్చి అందరితో పలికించేది. ఆమె ఉచ్చారణ గొప్పదేం కాదు. పై ఆఫీసర్లు వచ్చినప్పుడు ఆమె క్లాసు ఎప్పుడూ గోలగోలగా కనిపించేది.

పది కంప్యూటర్లకు అరవై మంది పిల్లలు. పొద్దున పీరియడ్ ఖాళీ చేస్తే తప్ప అందరికీ వంతు రాదు. నేను ముచ్చట పీరియడ్ తీసేసి అక్కను ఒకటి, రెండు తరగతులకు మార్చాను. ఆమె టైం టేబుల్ కాగితం చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

“సరే చెల్లె, నీ ఇష్టం. మిషన్ నాకంటె మంచిగనే చెప్తది. కని జర వాళ్ల మొఖాలు చూసెటోళ్లు ఒకరుండాలె.”

“నేను లేనా అక్కా?” అన్నాను.

ఆ మాట తేలిగ్గానే అన్నాను. ఉన్నాననే అనుకున్నాను కూడా.

మొదటి వారం పిల్లలు హెడ్‌ఫోన్ పెట్టుకుని బిగుసుకుపోయారు. గొంతులు లేవలేదు. పట్టికలో అన్నీ సున్నాలే. పక్క బడుల పట్టికలు నిండుగా వస్తున్నాయని వాట్సప్ గ్రూపులో పెడుతుంటే నాకు సిగ్గనిపించింది. ఒకరోజు పిల్లలందరినీ కూర్చోబెట్టి చెప్పాను.

“ఎందుకు భయపడుతున్నరు? ఆ హెడ్‌ఫోన్ల మీరు మాట్లాడిందంత నాకే వస్తది. రోజూ ఇంటికి పోయి కూసొని అందరియి వింట. ఎవరు మస్తు మాట్లాడుతే వాళ్లంటే నాకు మస్తు ఇష్టం.”

అది అబద్ధమని నాకప్పుడు తోచనేలేదు. పిల్లలను హుషారు చేయడానికి టీచర్లం ఇలాంటివి ఎన్ని చెప్పం?

నాలుగో తరగతిలో ఒక పాప ఉండేది. పేరు పిలిస్తే పలికేది కాదు, పక్కనున్న పిల్ల “వచ్చింది మేడం” అని చెప్పాలి. తండ్రి మగ్గాల పనికి భివండి పోయాడు, ఆరు నెలలకోసారి వచ్చేవాడు. తల్లి ఇంట్లోనే జంపఖానాలు నేసేది. ఇంట్లో ఉండేది ఆ ఇద్దరే. నా మాట అందరికంటే ఎక్కువ పట్టించుకుంది ఆ పాపే. రెండో వారంలో పది నిమిషాలు మాట్లాడింది. నెల తిరిగేసరికి పట్టికలో ఆమెది మొదటి వరుస. తన వంతు అయిపోయినా, ఎవరైనా రాకపోతే ఆ కుర్చీలో పోయి కూర్చునేది. రెండు చేతులతో హెడ్‌ఫోన్ చెవులకు అదుముకుని, తెరకు దగ్గరగా వంగి, గుసగుసగా చెప్తూనే ఉండేది. నోరు విప్పని పిల్ల ఇంత మాట్లాడుతోందని నేను మురిసిపోయాను. ఆ పట్టిక ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. చప్పట్ల బొమ్మలు వచ్చాయి.

చలికాలం మొదట్లో ఆ పాప రెండు మూడుసార్లు ఆలస్యంగా వచ్చింది. జడలు సరిగ్గా వేసి లేవు. నేను గేటు దగ్గర నిలబెట్టి, “నువ్వే గిట్ల చేస్తె మిగతోళ్లకు ఏం చెప్పాలె?” అన్నాను. తల దించుకుని నిలబడింది. ఎందుకు ఆలస్యమైందని అడగలేదు నేను. ఇప్పుడు తలుచుకుంటే, నిజంగా ఆ ప్రశ్నే నాకు తట్టలేదు.

ఆ తర్వాతి వారమే జిల్లా ఆఫీసు నుంచి సారు వస్తున్నారని కబురొచ్చింది. కంప్యూటర్ గది ఎలా నడుస్తోందో చూస్తారట. రెండు రోజులు బడంతా ఊడ్చి కడిగించాం. ఒక కంప్యూటర్‌కు పెద్ద స్పీకర్ తగిలించి, పిల్లలు మాట్లాడేది అందరికీ వినిపించేలా చేశాం. ముందు కూర్చోబెట్టడానికి ఎవరినని ఆలోచించే పనే లేదు, ఆ పాపే.

సారు ఇద్దరు మనుషులతో వచ్చారు. మంచాయనే. పిల్లలతో నవ్వుతూ మాట్లాడారు. గది నిండిపోయింది. చిన్న తరగతుల పిల్లలను వెనక గోడ వెంట నిలబెట్టి అక్క తలుపు దగ్గర నిలుచుంది. ఆ రోజు పాఠం రంగులు. హెడ్‌ఫోన్ టీచర్ స్పీకర్లోంచి అడిగింది, మీ ఇంట్లో పసుపు రంగులో ఉన్నది ఒకటి చెప్పు అని. అంతకుముందు కూర్చున్న పిల్లలు మ్యాంగో అన్నారు, బనానా అన్నారు, ఒకడు మా నాయన ఆటో అన్నాడు. ఆ పాప కొంచెం ఆలోచించి అంది.

“మై మదర్ ఐస్.”

“గుడ్ ట్రై! సే, మై మదర్స్ ఐస్ ఆర్ యెల్లో.”

“మై మదర్స్ ఐస్ ఆర్ యెల్లో,” అంది పాప. ఒక్క అక్షరం తప్పు పోలేదు. తెర మీద ఆకుపచ్చ నక్షత్రం వెలిగింది.

అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. సారు నవ్వి, “కళ్లు పసుపు రంగు ఏంది బేటా? నల్లగుంటయ్ కద!” అన్నారు. గదిలో అందరూ నవ్వారు.

పాప హెడ్‌ఫోన్ తీసి సారు వైపు తిరిగింది. “లేదు సార్. మా అమ్మయి పచ్చగనే ఉన్నయ్. పసుపు లెక్క.”

నవ్వు ఇంకా ఆగలేదు. అక్క చిన్నపిల్లల మధ్యనుంచి దారి చేసుకుని ముందుకొచ్చింది. సారు ఉన్నారని కూడా చూడలేదు. పాప ముందు మోకాళ్ల మీద కూర్చుని రెండు భుజాలు పట్టుకుంది.

“బిడ్డా, అమ్మకు ఎన్ని దినాలసంది గట్లున్నయ్?”

“మస్తు దినాలాయె టీచర్.”

“అన్నం తింటాందా?”

“తింటలేదు. నిన్నటిసంది లేస్తలేదు.”

అక్క తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. “చెల్లె, నేను పోతాన్న,” అని మాత్రం అంది. పాప చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. గేటు ముందు ఆటో ఆపిన చప్పుడు వినిపించింది.

నేను వెళ్లలేదు. సారు ఉన్నారు, ఛాయ్ బిస్కట్లు వచ్చాయి, రిజిస్టర్లు చూపించాలి. “ఏమన్న సీరియస్సా?” అని సారు అడిగితే, “కామెర్లేమో సార్, మా టీచర్ చూసుకుంటది,” అన్నాను. ఆయన మరో గంట ఉండి, విజిటర్స్ బుక్కులో చాలా బాగుందని రాసి వెళ్లారు. అప్పుడు బయల్దేరాను.

నేను పోయేసరికి ఆ ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటామె చెప్పింది, నూటెనిమిది బండి వచ్చి పెద్ద దవాఖానకు తీసుకుపోయిందని. “కామెర్లని పసరు పోయించినం మేడం. తగ్గుతదనుకున్నం. మొగనికి చెప్తే పని ఇడిసిపెట్టి ఉరికొస్తడని ఆమెనే చెప్పనియ్యలె,” అని కళ్లు తుడుచుకుంది.

దవాఖాన వరండాలో అక్క బెంచీ మీద కూర్చుని ఉంది. పాప ఆమె ఒళ్లో తల పెట్టుకుని, నిద్రపోకుండా చూస్తూ ఉంది. లోపల తల్లికి స్పృహ లేదు. కాలేయం బాగా చెడిపోయిందని డాక్టర్ చెప్పాడు. చిన్నవాడే, మీ వయసే ఉంటుంది. “రెండు వారాల ముందు తీసుకొస్తే ఏమన్న చేద్దుము మేడం,” అన్నాడు.

నేను పాప పక్కన కూర్చున్నాను. నెమ్మదిగానే అడిగాను కానీ, అడగకుండా ఉండాల్సింది.

“ఇన్ని దినాలసంది అమ్మకు బాగలేకపోతే నాకెందుకు చెప్పలేదు బిడ్డా?”

పాప లేచి కూర్చుంది. నేను తమాషా చేస్తున్నానేమో అన్నట్టు నా ముఖం చూసింది.

“చెప్పిన కద మేడం. రోజూ చెప్పిన. హెడ్‌ఫోన్ల చెప్తె మీరు వింటనన్నరు కద.”

అక్క ముఖం పక్కకు తిప్పుకుంది.

మర్నాడు పిల్లలు రాకముందే బడికి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పిల్లలు మాట్లాడిందంతా అందులో అక్షరాల్లో ఉంటుందని శిక్షణలో మాకు చెప్పారు. ఒక్కసారీ తెరిచి చూడలేదు. ఆ పాప పేరు మీద నొక్కితే వరసగా వచ్చాయి, ఒక్కో రోజు ఒక్కో పేజీ.

పదిహేడు రోజుల కింద మొదలైంది. ఇవాళ మీ అమ్మ ఏం వండిందని అది అడిగింది. ‘మై మదర్ నో కుక్. మై మదర్ స్లీప్,’ అంది పాప. మంచి ప్రయత్నం, మై మదర్ ఈజ్ స్లీపింగ్ అనాలి అని దిద్దింది. పాప దిద్దుకుంది. ఆ మర్నాడు జ్వరమని చెప్పింది. ఆ మర్నాడు, ‘మై మదర్ ఈజ్ వామిటింగ్.’ ఆ రోజు పొద్దున్నే పాప నా టేబుల్ దగ్గరికొచ్చి, “మేడం, వాంతిని ఇంగ్లీషుల ఏమంటరు?” అని అడిగింది. తనంతట తాను ఒక మాట అడిగిందని సంతోషపడి, స్పెల్లింగు కూడా రాసిచ్చాను. ఎందుకమ్మా అని అడగలేదు.

మిషన్‌ను తిట్టుకుందామని చూశాను. అదీ నాకు దక్కలేదు. వాంతులని పాప చెప్పిన చోట అది పాఠం ఆపి, ‘ఐ యామ్ సారీ టు హియర్ దట్. ప్లీజ్ టెల్ యువర్ టీచర్,’ అంది. నీ టీచర్‌కు చెప్పమ్మా అని. పాప ఏమందో దాని కిందే ఉంది. ‘ఎస్ టీచర్.’

తను చెప్తున్నది టీచర్‌కే కదా. మూడుసార్లు అది అలా అంది. మూడుసార్లూ ఆ పాప ఎస్ టీచర్ అంది. తర్వాత మళ్లీ పాఠం నడిచింది.

ఆ మూడుసార్లకూ శనివారం పట్టికలో గుర్తు పెట్టింది. నిమిషాలు, మాటలు, మార్కులు అన్నీ అయ్యాక, కుడివైపు చివరన సన్నగా ఒక గడి ఉంది, ‘టీచర్ గమనించాలి’ అని. తెర మీద పాప వరుసలో ఆ గడి పసుపు రంగులో ఉంది. ఫైలు తీసి చూశాను. మా ప్రింటర్‌లో రంగులు రావు. కాగితం మీద అది లేత బూడిద రంగులో పడింది, దాని పక్కనే నా సంతకం. అయినా కనిపిస్తూనే ఉంది. చూసేవాళ్లుంటే కనిపిస్తుంది.

తల్లి నాలుగో రోజు పోయింది. తండ్రి మూడో రోజే రైలు దిగి వచ్చాడు కాబట్టి చూపు దక్కింది. ఆయన నాకు దండం పెట్టి, “మీ టీచర్లు లేకపోతే దవాఖాన మొఖం గూడ చూడకపోవు మేడం,” అన్నాడు. ఆ దండం నేను తీసుకున్నాను. కాదు నాయనా అని నోరు తెరిచి చెప్పడానికి ధైర్యం చాలలేదు.

పది రోజుల తర్వాత ఆయన పాప టీసీ కోసం వచ్చాడు. నర్సంపేట దగ్గర తన చెల్లెలింట్లో ఉంచుతానన్నాడు. పాప వాకిట్లో నిలబడింది. టీసీలో ప్రవర్తన అన్నచోట ‘చాలా మంచిది’ అని రాశాను. బయటికొచ్చి దగ్గరికి తీసుకున్నాను. పాప ఏడవలేదు. కంప్యూటర్ గది వైపు చూసింది. లోపలికి పోతావా అని అడిగితే తల అడ్డంగా ఊపింది.

ఆ తర్వాతి సోమవారం అక్క ఎవరినీ అడగకుండా నాలుగో తరగతిలోకి పోయి బెంచీలు గోడకు నెట్టించింది. నేను కంప్యూటర్లను మధ్యాహ్నానికి మార్చాను. అందరికీ వంతు రాకపోతే రాకపోయింది. న్యాయంగా చెప్పాలంటే ఆ హెడ్‌ఫోన్లతో పిల్లలకు ఇంగ్లీషు వచ్చింది. ఎన్నడూ నోరు తెరవని నలుగురైదుగురు మాట్లాడటం నేర్చారు. అది అబద్ధం కాదు. అక్క కూడా అదే అనేది. ఆమె నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను.

ఏడాది చివర ఈ హెడ్‌ఫోన్ల కార్యక్రమం మీద నివేదిక రాయమన్నారు. నేను ఒక పేరా రాశాను. ఈ పాప సంగతి, నేను చూడని గడి సంగతి, పిల్లలకు నేను చెప్పిన అబద్ధం సంగతి. ప్రతి బడిలో ఒక మనిషి రోజూ ఆ పేజీలు చదవాలని, చదవలేకపోతే వింటున్నామని పిల్లలకు చెప్పొద్దని రాశాను. ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది.

“మేడం, మీ బాధ అర్థమైతాంది. కని ఇది పైకి పోయే కాయితం. తల్లి కామెర్లతోని పోతే మన ప్రోగ్రాంకు ఏం సంబంధం? రేపు పేపరోళ్ల చేతుల పడితే మీ పేరే వస్తది. ఆ పేరా తీసేయుండ్రి.”

రిటైర్‌మెంటుకు ఇంకా రెండు నెలలున్నాయి. నా కాగితాలన్నీ అదే ఆఫీసులో కదలాలి. ఒకరోజంతా ఆలోచించినట్టు నటించాను, నాకు నేనే. తర్వాత ఆ పేరా తీసేశాను. మిగిలిన నివేదిక బాగుందని మెచ్చుకున్నారు. పాప విషయంలో చేసింది నిర్లక్ష్యం. ఇది మాత్రం తెలిసి చేసింది. మీ ముందు రెండూ ఒప్పుకుంటున్నాను.

పోయిన నెల నర్సంపేటలో ఒక పెళ్లికి వెళ్లి, దగ్గర్లోని ఆ ఊరు కనుక్కుంటూ పాప మేనత్త ఇంటికి పోయాను. పత్తి ఏరే రోజులు. వాకిట్లో గోనె సంచులు, లోపలంతా పత్తే. మేనత్త నన్ను గుర్తుపట్టి కుర్చీ వేసింది. పాప ఆరో తరగతి చదువుతోంది. పొడుగైంది. లోపలినుంచి వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది.

“ఎట్లున్నవ్ బిడ్డా?” అన్నాను.

“ఐ యామ్ ఫైన్, మేడం. థ్యాంక్యూ.”

“బడి మంచిగున్నదా?”

“ఎస్, మేడం. మై స్కూల్ ఈజ్ వెరీ గుడ్.”

“నాన్న వస్తాండా?”

“ఎస్, మేడం. హి కమ్స్ ఎవ్రీ మంత్.”

ఒక్క తప్పు లేదు. నేను తెలుగులో అడిగినకొద్దీ పాప ఇంగ్లీషులో జవాబు చెప్తూనే ఉంది. ముఖంలో కోపం లేదు, చిరాకు లేదు. తలుపు మెల్లగా దగ్గరికి వేసినట్టుంది, అంతే. క్షమించమని అడుగుదామని దారంతా అనుకుంటూ పోయాను. ఆ ముఖం ముందు ఆ మాట రాలేదు. పాప “మే ఐ గో, మేడం?” అని అడిగి, నేను తల ఊపాక లోపలికి పోయి పత్తి ముందు కూర్చుంది.

మేనత్త ఛాయ్ గ్లాసు నా చేతిలో పెట్టింది. పాప వైపు చూసి ముచ్చటపడుతూ అంది.

“మస్తు బుద్ధిమంతురాలు మేడం. మాకు ఏ ఫికరు లేదు. జ్వరమొచ్చినా, కడుపునొచ్చినా ఒక్కమాట చెప్పది. ఏం అడిగినా బాగున్న అంటది.”